రెండో సూదికి ముందు

ఇంకో గంట. గంట ఏపాటి? ఇంట్లో అయితే గంటలో అక్క పాలు కాచి, గుడ్లు ఉడకబెట్టి, ఆయన డబ్బా సర్ది, గట్టు దగ్గర నిలబడే తన తిండి ముగించి, గిన్నెల అడుగున మిగిలింది పారేయడానికి చేతులు రాక ఇంకోసారి తిని, ఆ పైన అమ్మయ్య అనుకునేది. ఇక్కడ అదే గంట గోడమీది గుండ్రటి గడియారంలో చతికిలబడి కూర్చుంది, లేవమంటే లేవదు. ఏడు నలభైకి మొదటి సూది. వెంటనే గ్లాసుడు పంచదార నీళ్ళు. అయిదు నిమిషాల్లో తాగండి చాలు అని రక్తం తీసే అమ్మాయి, ఆ తెల్ల చెప్పుల అమ్మాయి, టైము రాసుకోవడానికి పెన్ను తీసేలోగా అక్క గ్లాసు బల్లమీద బోర్లించేసింది. "అంత కంగారేం లేదండీ" అందా అమ్మాయి. కంగారు కాదు తల్లీ, అలవాటు, అని పైకి చెప్పలేదు. అలా మొదలైంది పొద్దు. ఇప్పుడు ఎనిమిది నలభై. రెండో సూది తొమ్మిది నలభైకి. ఈ లోపల తినకూడదు, తిరగకూడదు, గొంతు తడుపుకోవడానికి రెండు గుక్కల మంచినీళ్ళు, అంతే. అప్పుడు తీసిన రక్తంలో చక్కెర నూట నలభై దాటకూడదు. దాటిందా, చెల్లెలికి కిడ్నీ లేదు.

ఫైలు మీద ఆమె పేరుకంటే పెద్ద అక్షరాల్లో 'దాత: అక్క' అని రాసి ఉంది. నెలన్నరగా ఈ ఆసుపత్రిలో అందరూ అలాగే పిలుస్తున్నారు, అక్కా ఇటు రండి, అక్కా అటు తిరగండి, అక్కా ఊపిరి బిగబట్టండి. రక్తం గ్రూపు కలిసింది. గుండె గట్టిదన్నారు. రెండు కిడ్నీలూ ఫోటోలో చిక్కుడు గింజల్లా నిగనిగలాడుతున్నాయని ఎవరో మెచ్చుకుంటే, యాభైకి దగ్గర పడ్డ వయసులో తన అందం గురించి ఒక పరాయివాడు మాట్లాడటం ఇదే మొదలని ఆ రాత్రి ఆయనతో చెప్పి నవ్వింది. ఇక మిగిలింది ఇదొక్కటే. పరగడుపు చక్కెర గీత మీద నిలబడింది, అమ్మకు ఉండేది కదా చక్కెర జబ్బు, కాబట్టి ఈ రెండు గంటల పరీక్ష. కాగితం మధ్యాహ్నం పన్నెండులోగా నాలుగో అంతస్తుకి చేరాలి. రేపు కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ కూర్చుంటుంది. కమిటీ నెలకొకసారే కూర్చుంటుంది. కూర్చోవడం తప్ప వేరే పనిలేని తనలాంటివాళ్ళని ఆ కమిటీలో వేస్తే రోజూ కూర్చునేవాళ్ళు. పైన మూడో అంతస్తులో, ఇప్పుడు, ఈ నిమిషాన, చెల్లెలి రక్తం ఒక గొట్టంలోంచి బయటికి పోయి మరో గొట్టంలోంచి లోపలికి వస్తోంది. వారానికి మూడు రోజులు, పద్నాలుగు నెలలుగా.

ఫోను అదిరింది. చెల్లెలే.

"ఏం చేస్తున్నావక్కా?"

"గడియారం చూస్తున్నానే."

"నేనూ అదే. నాకింకా మూడు గంటలు, నీకు ఒకటి. నేనే గెలిచా."

"నోరుమూసుకుని పడుకో."

"నా సామాను ఎలా ఉంది?"

"కడుపు నిండా పంచదార తాగి కులాసాగా కూర్చుంది."

"దానికి అలాంటివి అలవాటు చెయ్యకు. రేపు నా దగ్గరికొచ్చి పూటకో గ్లాసు కావాలని మారాం చేస్తే నేనెక్కణ్ణుంచి తేను? రోజుకి లీటరు నీళ్ళ సంసారం నాది."

పెట్టేసింది. చిన్నది ఎప్పుడూ అంతే, తనే చేస్తుంది, తనే పెట్టేస్తుంది. బళ్ళో డ్రాయింగ్ టీచరు. గీత గీస్తే తెగదు. మాట మాత్రం మధ్యలో తెంపేస్తుంది, పళ్ళెంలో తిండిని తెంపేసినట్టు.

తిండి అనుకోకూడదు. అనుకోకూడదు అనుకుంటే అదే వస్తుంది. పక్క కుర్చీలో ఏడో నెల అమ్మాయి ఉంది, ఆమెకూ ఇదే పరీక్ష, తొమ్మిదికల్లా అయిపోతుంది, అదృష్టవంతురాలు. ఆమె ఒళ్ళో స్టీలు డబ్బా ఉంది. మూత సరిగా పట్టలేదు. లోపల ఉడికిన గుడ్లున్నాయి, వెన్న రాసిన రొట్టె ఉంది, ఉప్పూ మిరియాలూ కాగితంలో విడిగా చుట్టి ఉన్నాయి. ఇవన్నీ ఆ అమ్మాయి చెప్పలేదు. అక్క ముక్కు చెప్పింది. ఆ ముక్కు మూడు గోడల అవతల మాడుతున్న పాలని పట్టేస్తుంది, ఎవరి సంచిలో అరటిపండు మగ్గిందో పట్టేస్తుంది, ఇన్ని పట్టే ముక్కుకు గ్యాసు లీకయితే మాత్రం తెలియదని ఆయన దెప్పుతాడు. ఆయన బస్సు డిపోలో టైంకీపరు. ఈల వేసి బస్సుల్ని సాగనంపే ఉద్యోగం. భార్యని 'మా గోదాము' అంటాడు. ఊరికే అనలేదు. ఉప్పు ప్యాకెట్లు పదకొండు ఉండేవి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, మంచం కింద. ఇప్పుడు మంచం కింద లేవు, మనిషి నాగరికం అయింది, అల్మారాలో ఉన్నాయి. ఫ్రిజ్‌లో మధ్య అర ఖాళీ అయితే ఆమెకు గుండె దడ. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు, సంచిలో తినడానికి ఏదో ఒకటి లేకుండా వీధి మలుపు దాటలేదు. పురుటి నొప్పుల్లో కూడా, అమ్మా అని అరవాల్సిన చోట బన్ను ఉందా అని అడిగిందని నర్సు నవ్వింది. కాలేజీలో ఎకనామిక్స్ చదివింది. కొరత అనే పాఠానికి క్లాసంతటికీ ఎక్కువ మార్కులు ఆమెవే. లెక్చరరు పేపరు పైకెత్తి చూపించి, చూడండి ఎంత శ్రద్ధగా చదివిందో అన్నాడు. అసలు చదవనే లేదు.

సంచి పక్క అరలో బిస్కెట్ల ప్యాకెట్టు ఉంది. రెండో సూది అయ్యాక తినడానికి. అయ్యాకే. దాని గురించి కాసేపు ఆలోచించింది, ప్యాకెట్టులో ఆరు ఉంటాయని, ఆరూ నిలువుగా ఉంటాయని, మొదటిది తీయడం కష్టమని, రెండోదానికి దారి దానంతటదే ఏర్పడుతుందని. చాలు. గడియారం. ఎనిమిది యాభై ఎనిమిది. కడుపులో ఖాళీ లేదు నిజానికి, గ్లాసుడు పాకం ఉంది అందులో, ఇది ఆకలి కాదు, ఆకలి వస్తుందేమోనన్న భయం. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికి ఆమెకు నలభై ఏళ్ళు పట్టింది, తెలుసుకున్నాక పెద్దగా ఒరిగిందీ లేదు.

కిడ్నీ డాక్టరు చెప్పాడు. సన్నమీసం ఆయన. మొదటిసారి అక్కచెల్లెళ్ళిద్దరూ ఎదురుగా కూర్చున్నప్పుడు ఒకరి తర్వాత ఒకర్ని చూసి, మళ్ళీ ఇద్దర్నీ చూసి, "ఒకే తల్లికి పుట్టారా?" అన్నాడు. ఒకరు నిండుగా, ఒకరు పుల్లలా. చెల్లెలు వెంటనే "అక్క వచ్చేటప్పుడే అంతా ఖాళీ చేసి వచ్చింది సార్, నాకేం మిగల్లేదు" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది. డాక్టరు చిన్నప్పటి సంగతులడిగాడు, అక్కే చెప్పింది, నాన్న గాజు సీసాల కార్ఖానాలో కొలిమి మనిషి, తనకి ఏడేళ్ళప్పుడు కొలిమి ఆరిపోయింది, రెండేళ్ళు వెలగలేదు, ఆ రెండో ఏడు చెల్లెలు పుట్టింది, కిలో తొమ్మిది వందలు. ఆయన మందులచీటీ వెనక్కి తిప్పి చిన్న జల్లెడ బొమ్మ గీశాడు. కడుపులో ఉన్నప్పుడే బిడ్డ ఒంటికి కబురు అందుతుందమ్మా, బయట తిండి తక్కువ అని. ఒళ్ళు దానికి తగ్గట్టు పొదుపుగా కట్టుకుంటుంది. తక్కువ బరువుతో పుట్టినవాళ్ళ కిడ్నీల్లో ఈ జల్లెడ కళ్ళు తక్కువగా ఉండే అవకాశం ఉంది. కానీ ఈమెకు వచ్చింది దానివల్లేనని నేను చెప్పను, ఎవరూ చెప్పలేరు. మరి నా సంగతేంటి సార్ అనడిగింది అక్క, నవ్వుతాలుగానే. పసితనంలో ఆకలీ భయమూ కలిసి వస్తే, ఆకలి తీరినా భయం తీరదు, కడుపు నిండిందన్న కబురు మెదడుకి ఆలస్యంగా చేరడం అలవాటైపోతుంది కొందరికి. "అంటే పోస్టు లేటా?" అంది చెల్లెలు. "లేటే" అన్నాడాయన. "మా అక్కకి అసలు పోస్టాఫీసే లేదు సార్."

ఎవరూ చెప్పలేరు. ఆ మాట ఒక్కటి పట్టుకుని ఎన్ని రాత్రులు గడిపింది. చెప్పలేరంటే కాదని కాదు కదా, అవునని కూడా కావచ్చు కదా. అమ్మ రొట్టెని కత్తితో కోసేది కాదు. కత్తి పెడితే పొడి రాలి నష్టమని, కుట్టుదారం రెండు చేతులా బిగబట్టి కోసేది. నాలుగు ముక్కలు. నాన్నకి రెండు, తనకొకటి, అమ్మకొకటి. మిగిలిన రొట్టె సంచిలో వేసి పైకప్పు కొక్కేనికి వేలాడదీసేది, ఎలుకలు తినేస్తాయే అని. ఆ ఇంట్లో ఎలుక ఒక్కటే. దానికి రెండు జడలుండేవి. ఆ ఎలుక గోడకానుకుని కూర్చుని, తన ముక్క రెండు గుటకల్లో మింగేసి, అందరికంటే ముందు ముగించినవాళ్ళకే కదా మిగిలింది అడిగే హక్కు, ఇక అమ్మ చేతిలో ముక్క వంక చూస్తుండేది. అమ్మ పొట్ట అప్పుడే ముందుకి వస్తోంది. ఆ పొట్టమీద పళ్ళెం ఆనించి అమ్మ ఒక అంచు కొరికి, ఆగి, "నాకు వికారంగా ఉందే, నువ్వు తినేయి" అనేది. తినేసేది. కాసేపటికి వంటింట్లోంచి అమ్మ నీళ్ళు తాగుతున్న చప్పుడు, గటగటా, చెంబు ఎత్తి, ఒకటి కాదు రెండు చెంబులు. వికారంగా ఉన్న మనిషి అంత ఆబగా నీళ్ళు తాగదని ఎనిమిదేళ్ళ పిల్లకి తెలుసు. తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు కానీ తెలుసు. అది కూడా కాదు. దానికంటే అన్యాయమైనది ఇంకొకటుంది. ఆ తర్వాత తర్వాత ఆ పిల్ల సాయంత్రం అయితే చాలు అమ్మ మొహం వంక చూసేది, ఇవాళ అమ్మకి వికారం వస్తుందా అని. వస్తే బాగుండని. అమ్మ బాగా కనిపించిన రోజు ఏడుపొచ్చేది. లోపల, ఆ పొట్టలో, కిలో తొమ్మిది వందల మనిషి ఒకతి కబురు అందుకుంటోంది, బయట తిండి లేదు, సర్దుకో, జల్లెడకి కళ్ళు కాసిని చాల్లే.

పుట్టినప్పుడు కాగితంలో చుట్టిన ఉల్లిపాయలా ఉంది చెల్లెలు. ఏడవడానికి కూడా పొదుపే. తర్వాత కొలిమి వెలిగింది, నాన్న చేతులమీద మళ్ళీ బొబ్బలొచ్చాయి, ఇంట్లో గుడ్లొచ్చాయి, పాలొచ్చాయి, అప్పటికే ఆలస్యమయింది ఇద్దరికీ. చిన్నది సగం తిని పళ్ళెం తోసేసేది. పెద్దది ఆ సగం లాక్కునేది. ఒకతి తిండి తప్పించుకుంటోంది, అది కూడా తిని ఇంకోతి లావవుతోందని అమ్మ మొత్తుకునేది. చెల్లెలికి తిండంటే హోమ్‌వర్కు, ఎవరైనా పక్కన కూర్చోకపోతే చెయ్యదు. పెద్దయ్యాక కూడా తినే ముందు కాసేపు పళ్ళేన్ని చూసేది, ఇది నాకేనా అని అడుగుతున్నట్టు, జవాబు ఎటునుంచైనా వస్తుందేమోనని చెవి ఒగ్గినట్టు. ఆ చూపు తనే నేర్పిందేమో. పుట్టకముందే. తొమ్మిది పది. నోరంతా తియ్యగా ఉంది, పొద్దుటి పాకం ఇంకా నాలుక వదల్లేదు, ఏం పంచదారో ఇది, గంటన్నర అయినా ఇసుక ఇసుకగా పళ్ళ మధ్య

ఇసుక ఎందుకుంటుంది పాకంలో?

తలొంచి చూసుకుంది. ఒళ్ళో ప్యాకెట్టు. మూల చిరిగి ఉంది, నీటుగా, పంటితో చింపినట్టు. లోపల నాలుగు. ఒళ్ళో పొడి. కుడిచేతి రెండు వేళ్ళకి పొడి. లెక్క మళ్ళీ చూసింది, నాలుగే. లేదు. ఎవరో పెట్టారు. ఎవరు పెడతారు, నేనేం పసిపాపనా. పక్కకి చూసింది. ఏడో నెల అమ్మాయి ఎప్పుడు వెళ్ళిందో ఎప్పుడు తిరిగొచ్చిందో, మోచేతి మడతలో దూదితో, డబ్బా తెరుచుకుని హాయిగా గుడ్డు తింటోంది.

"అమ్మాయ్, నేను... నేనిప్పుడు ఏమైనా తిన్నానా?"

ఆ అమ్మాయి నవ్వింది, పెద్దావిడ పరాచికమాడుతోందని. "రెండు తిన్నారు కదండీ. మీది కూడా అయిపోయిందనుకున్నా. గుడ్డు కావాలా? రెండున్నాయి, మావారు అరగంటగ్గానీ రారు."

"వద్దమ్మా." గుడ్డు వద్దనడం ఇదే మొదలేమో జీవితంలో. అది కూడా లెక్కకి రాదు ఇప్పుడు.

తుడిచేసింది ముందు. చేతులు అంతవరకు చాలా తెలివిగా పనిచేశాయి, పొడి తుడిచి, ప్యాకెట్టు మడిచి, జిప్పు వేసి. తొమ్మిది పన్నెండు. రెండు బిస్కెట్లు, పలచటివి, ఎంతని, గ్లాసుడు పాకం ముందు అవెంత, సముద్రంలో చెంబెడు నీళ్ళు పోస్తే మట్టం పెరుగుతుందా. పెరగదు. పెరగదని ఎవరు చెప్పారు, నువ్వు చదివింది ఎకనామిక్స్. నూట ఇరవై వస్తుంది, ఎవరికీ తెలియదు, కాగితం పన్నెండుకి పైకి పోతుంది, రేపు కమిటీ, వచ్చే నెలకల్లా చెల్లెలు గ్లాసుడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగుతుంది. నూట నలభై అయిదు వస్తే? వస్తే దాత పనికిరాదు అని రాసేస్తారు, అది బిస్కెట్లు రాసిందో ఒళ్ళు రాసిందో ఎప్పటికీ తెలియదు. చెల్లెలి మొగుడిది గ్రూపు కలవలేదు. ఇంకెవరున్నారు. చెప్పేస్తే? చెబితే మళ్ళీ చెయ్యాలంటారు, ఇవాళ కాగితం ఉండదు, రేపటి కమిటీకి చెల్లెలి పేరు ఉండదు. ఇంకో నెల. తను రెండు బిస్కెట్లు తిన్నందుకు చెల్లెలు ఇంకో నెల ఆ కుర్చీలో, ఆ రెండు గొట్టాలతో. అప్పుడూ అంతే చేశావు కదే, అంది ఎవరో లోపల్నుంచి. అమ్మ గొంతు కాదు. అమ్మ ఎప్పుడూ అనలేదు. అదే కష్టం, అమ్మ ఒక్కసారి తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేది.

అసలు ఎందుకు తిన్నట్టు? అలవాటు. అలవాటేనా? ఇది ఇంతకంటే భయంకరమైన ప్రశ్న, దీన్నించి తప్పించుకోవడానికే ఇందాకటినుంచి నంబర్లు లెక్కపెడుతోంది. పోయిన వారం మాటల డాక్టరమ్మ, మందులివ్వకుండా కేవలం మాట్లాడే ఆవిడ, అందర్నీ బయటికి పంపి తలుపేసింది. మీకిది ఇష్టమేనా, ఎవరైనా బలవంతపెడుతున్నారా అని అడిగింది. ఇష్టమేనండీ, అంది అక్క, ఆవిడ ప్రశ్న పూర్తికాకముందే, ఆ పంచదార నీళ్ళు తాగినట్టు ఒక్క గుటకలో. ఆవిడ, ఎప్పుడైనా సరే మనసు మార్చుకోవచ్చు, నాకొక్క మాట చెబితే చాలు, వైద్య కారణాల వల్ల కుదరలేదని మాత్రమే మీ వాళ్ళకి చెబుతాం, అసలు సంగతి మూడో కంటికి తెలియదు అంది. ఎంత మర్యాదైన దొడ్డిదారి. నాకలాంటివేం అక్కర్లేదండీ, అనేసి బయటికొచ్చింది. వచ్చిందా? ఆ దారి ఎక్కడుందో కాళ్ళకి తెలియకపోయినా చేతికి గుర్తుండిపోయిందేమో. వైద్య కారణాల వల్ల. నూట నలభై అయిదు. ఎవరూ తప్పుపట్టరు, అయ్యో పాపం ఇవ్వాలని ఎంత ఉబలాటపడిందో అని తననే ఓదారుస్తారు, చెల్లెలే ముందు ఓదారుస్తుంది, పోనీలే అక్కా నీ ఒళ్ళు జాగ్రత్త అంటుంది. ఒంట్లోంచి ఒకటి తీసి బయటపెట్టడం. ఉప్పు ప్యాకెట్టు పారేయలేని మనిషి. పళ్ళెంలో ఆఖరి మెతుకు వదల్లేని మనిషి. ఇవ్వాలని ఉంది, ప్రాణం పెట్టి ఉంది, ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ ఒంటికి ఇవ్వడం రాదు కదా, దానికి చిన్నప్పుడు అది నేర్పలేదు కదా, దాచుకోవడం ఒక్కటే నేర్పారు. అది తనకి తెలిసిన పని తను చేసిందా? చెల్లెల్ని తప్పించుకోవడానికి తిన్నానా, చెల్లెల్ని తలుచుకుని ఏడుపు ఆపుకోవడానికి తిన్నానా? చెయ్యి వంక చూసింది. లావుగా, ఉంగరం దిగబడి, ఏమీ ఎరగనట్టు ఒళ్ళో పడుకుని ఉంది.

తొమ్మిది ఇరవై. ఇరవై ఒకటి. నిమిషాలకి ఇప్పుడు కాళ్ళొచ్చాయి, ఇందాక కదలనివి ఇప్పుడు పరిగెడుతున్నాయి. గాజు కిటికీ అవతల తెల్ల చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నీళ్ళు తాగి పుక్కిలించి ఉమ్మేస్తే? కడుపులోంచి రావుగా. గొంతులో వేలు పెడితే? ఛీ, ఆ వేలే కదా. లోపలికి వెళ్ళి ఆ అమ్మాయిని బతిమాలితే, తల్లీ ఎంత వచ్చినా నూట ముప్పై అని రాయి అని? రాయదు. రాసినా, చక్కెర నిజంగా ఉంటే, ఒక కిడ్నీ తీసేసిన ఒంట్లో ఉంటే, రేపు తనే ఆ కుర్చీలో, చెల్లెలి పక్కన, ఇద్దరూ గొంతు తడుపుకుంటూ. నవ్వొచ్చింది. ఏడో నెల అమ్మాయి ఓరగా చూసి కొద్దిగా అటు జరిగింది. తొమ్మిది ముప్పై. ఆయనకి ఫోను చేద్దామా? ఆయన ఏమంటాడో తెలుసు, రెండేగా, ఊరుకో, అంటాడు. నిమిషం లేటయితే బస్సు ఆపేసే మనిషి పెళ్ళాం విషయంలో మాత్రం రెండేగా అంటాడు. ఊరుకోవడం. ఊరుకోవడమే తనకి బాగా వచ్చిన విద్య. తెలిసి తిని ఊరుకుంది ఒకసారి, నలభై ఏళ్ళు. ఊరుకుంటే ఏం జరుగుతుందో చూసింది కూడా. ఏమీ జరగదు. ఎవరూ ఏమీ అనరు. పొట్టలో ఉన్నది పొట్టలోనే ఉండి, మనిషి చుట్టూ పెరుగుతుంది.

"అక్కా! దాత అక్క ఎవరండీ? రండి."

వెళ్ళింది. స్టూలు మీద కూర్చుంది. చెయ్యి చాపింది, ఆ చేతినే. తెల్ల చెప్పుల అమ్మాయి రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో రెండు వేళ్ళతో తట్టి నరం కోసం వెతుకుతోంది. పట్టీ కింద చెయ్యి బరువెక్కింది. సూది మూత తీసిన చప్పుడు, టిక్కున.

"నేను తిన్నానమ్మా."

"ఏంటండీ?"

"మధ్యలో. తొమ్మిదింటి తర్వాత. రెండు బిస్కెట్లు."

ఆ అమ్మాయి సూది పక్కన పెట్టింది. పట్టీ విప్పింది. కోప్పడుతుందనుకుంటే పడలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పానుగదండీ తినొద్దని."

"చెప్పావు. విన్నాను కూడా. తింటున్నట్టు నాకే తెలియలేదు. పక్కనమ్మాయి చెబితే తెలిసింది."

"చాలామంది తింటారులెండి. చెప్పేవాళ్ళే ఉండరు. నంబరు చూసి మేమే అడుగుతాం, అప్పుడు కూడా నీళ్ళే తాగామని ఒట్టేస్తారు."

"ఇప్పుడు తీస్తే కుదరదా? కాగితం పన్నెండుకి పైకి వెళ్ళాలి. రేపు కమిటీ."

"తీస్తాను. కానీ కింద 'మధ్యలో తిన్నారు' అని రాయాలి. అది చూస్తే వాళ్ళు పక్కన పడేస్తారు. దానికోసం మిమ్మల్ని పొడవడం ఎందుకు?" ఆ అమ్మాయి రిజిస్టరు తిప్పింది. "గురువారం రండి. ఏడున్నరకి. కమిటీ మాత్రం వచ్చే నెలే."

"వచ్చే నెలే" అంది అక్క.

"ఇప్పుడు వెళ్ళి ఏమైనా తినండి. మొహం పాలిపోయింది."

నడవా చివర క్యాంటీను. కాళ్ళు అటే నడిచాయి, వాటిని తప్పుపట్టడానికి లేదు, తినమని చెప్పిందిగా ఆ అమ్మాయి. వరసలో ముగ్గురున్నారు. ఆమె నాలుగోది. గాజు పెట్టెలో వేడి బన్నులు, వెన్న, గుడ్లు, ఆవిరి. ఫోను తీసింది. ముందు తిని తర్వాత చెబితే? ధైర్యం వస్తుంది కదా తింటే. వేలు అప్పటికే నొక్కేసింది. మంచి వేలు.

"అయిపోయిందా? ఎంతొచ్చింది?" వెనకాల యంత్రం గురగురలాడుతోంది.

"ఎంతా రాలేదు. చెయ్యలేదు. నేను... మధ్యలో తినేశానే. రెండు బిస్కెట్లు. చూసుకోలేదు. గురువారం మళ్ళీ రమ్మన్నారు. కమిటీ వచ్చే నెలకి పోయింది. నీకు ఇంకో నెల..."

అటువైపు నవ్వు. ఆగకుండా నవ్వు, ఎవరో నర్సు, "అమ్మా కదలకండి, గొట్టాలున్నాయి" అని గదిమేదాకా. "బిస్కెట్లా! గ్లాసుడు పంచదార తాగి పైన బిస్కెట్లా! చెప్పానా, సామానుకి అలవాటు చెయ్యకని..." మళ్ళీ నవ్వు. నెల అంటే పన్నెండుసార్లు, పన్నెండుసార్లు ఆ కుర్చీ, ఆ నవ్వులో ఆ లెక్క ఎక్కడా వినిపించలేదు, ఉండే ఉంటుంది. నెమ్మదిగా నవ్వు సన్నబడింది. యంత్రం మళ్ళీ వినిపించింది.

"అక్కా."

"ఊ."

"నీకు భయంగా ఉందా?"

ఇష్టమేనా అని అడిగారు. బలవంతమా అని అడిగారు. చెల్లెలి మొగుడూ, ఆడపడుచూ, మాటల డాక్టరమ్మా, సంతకం చేయించుకున్న గుమాస్తా, ఒకరి తర్వాత ఒకరు. నెలన్నరలో ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. తను కూడా అడగలేదు తనని. వరస ముందుకి జరిగింది. జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. ఒక్కసారిగా మింగేయొచ్చు దాన్ని, అలవాటైన పనే.

"ఉందే" అంది. "చాలా ఉంది. ఇస్తాను. కానీ భయంగా ఉంది."

"నాకూ" అంది చెల్లెలు. "పుచ్చుకోవడానికి."

ఫోను ఎవరూ పెట్టేయలేదు. చిన్నది కూడా.

"ఏం కావాలమ్మా?" వరసలో ఆమె వంతొచ్చింది. బన్నుల మీంచి ఆవిరి మొహానికి కొడుతోంది. వెనకాల జనం ఉన్నారు, క్యాంటీనువాడు పట్టకారు పట్టుకుని తొందరగా చూస్తున్నాడు.

"వెనకవాళ్ళకి ఇవ్వండి బాబూ" అంది అక్క, పక్కకి తప్పుకుంటూ. "మా చెల్లెలు ఫోనులో ఉంది."